మంత్రిగారు తెరిచిన పసిపిల్లల గది

1961 ఎండాకాలంలో నన్ను నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి ప్రభుత్వ ఆసుపత్రికి ఉమన్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఊరి పేరు చెప్పను. ఆ రోజుల్లో వైద్యశాఖలో మెట్లు ఇలా ఉండేవి. పైన సివిల్ సర్జన్, ఆసుపత్రికి సూపరింటెండెంటు ఆయనే. ఆయన కింద అసిస్టెంట్ సర్జన్లు. వాళ్లలో ఆడవాళ్లెవరైనా ఉంటే ముందు 'ఉమన్' అన్న మాట తగిలించేవారు, చీర కట్టుకున్న మనిషిని చూసి రోగులు మగ డాక్టరనుకుంటారేమోనన్న ముందుజాగ్రత్త కాబోలు. ప్రసూతి వార్డు బాధ్యతంతా నాకు అప్పగించారు. అందులో నిర్ణయాలు మాత్రం సూపరింటెండెంటుగారు తన దగ్గరే ఉంచుకున్నారు.

నేను చేరేనాటికి ఆ వార్డుకు కొత్త శోభ వచ్చి ఉంది. వార్డు చివర ఒక గది కట్టి, దానికి నిలువెత్తు గాజు అద్దం బిగించి, లోపల రెండు వరసల్లో ఇనుప ఉయ్యాలలు పెట్టారు. బిడ్డ పుట్టగానే శుభ్రం చేసి, మణికట్టుకు నంబరున్న గుడ్డపట్టీ కట్టి, ఆ గదిలో పడుకోబెట్టేవారు. నాలుగు గంటలకోసారి పాలకు తల్లి దగ్గరికి తెచ్చి, తాగడం అయీకాకముందే మళ్లీ తీసుకుపోయేవారు. బంధువులు అద్దంలోంచి చూసి సంతోషించాలి. విదేశాల్లో ఇలాగే చేస్తారని సూపరింటెండెంటుగారు ఏదో పత్రికలో ఫొటో చూశారు. ఒక మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించి, ఈ గది దేశ ప్రగతికి గుర్తు అని చెప్పి వెళ్లారట. ఉయ్యాలలు బుచ్చిరెడ్డిపాలెంలో రైసు మిల్లున్న వెంకురెడ్డిగారి విరాళం. ప్రతి ఉయ్యాల తలవైపూ ఆయన పేరు ఎర్ర రంగుతో రాసి ఉండేది. పుట్టిన బిడ్డకు ఇంకా పేరు ఉండదు గనక ఉన్నంతకాలం ఆ పేరు కిందే ఉండేది.

మంచం దొరికిన తల్లి బిడ్డకే ఉయ్యాల. ఇది ఆసుపత్రి నియమం. మంచాలు చాలేవి కావు. మిగిలిన బాలింతలకు వరండాలో చాపలు వేసేవాళ్లం. వాళ్ల పిల్లలకు ఉయ్యాల అర్హత లేదు గనక తల్లి పక్కనే, కొంగు కింద, దేశ ప్రగతికి దూరంగా పడుకునేవారు.

సూపరింటెండెంటుగారు చెడ్డ డాక్టరు కాదు. చేయి మంచిది, లంచం ఎరగడు. పెన్సిలిన్ రాకముందు రోజుల్లో చిన్న డాక్టరుగా పనిచేసినవాడు. కాన్పు తర్వాత జ్వరం వచ్చి, చూస్తుండగానే పోయిన ఆడవాళ్లను చూశాడు. యుద్ధకాలంలో మొదటిసారి ఆ మందు వాడితే చావవలసిన మనిషి లేచి గంజి అడగడం కూడా చూశాడు. ఆ గంజి ఆయన మరిచిపోలేదు. అందువల్ల మా ఆసుపత్రిలో పెన్సిలిన్ గుడిలో తీర్థం ఇచ్చినట్టు ఇచ్చేవారు. జ్వరం ఉన్నా లేకున్నా ప్రతి బాలింతకూ సూది. తెగినా సూది, కమిలినా సూది. ఊళ్లో జనం కూడా దానికి అలవాటుపడి, సూది వెయ్యని డాక్టరును డాక్టరుగా లెక్కపెట్టేవారు కాదు.

నేను చేరిన కొద్దివారాలకు గాజు గదిలో పిల్లలకు మెడ మడతల్లో, చంకల్లో, గజ్జల్లో చిన్న పొక్కులు లేవడం కనిపించింది. లోపల పసుప్పచ్చటి చీము. హెడ్ నర్సు సుగుణమ్మ ఇరవై ఏళ్లుగా పురుళ్లు పోస్తున్న మనిషి, గట్టి పనిమంతురాలు. ఆమె వాటిని తేలిగ్గా తీసుకుంది.

"చెమటకాయలేనమ్మా. ఈ నెల్లూరు ఎండలకి పెద్దోళ్లకే లేస్తుండాయి. పసిబిడ్డలకి లేవకుండా ఉంటాయా?" అంది.

సూపరింటెండెంటుగారు కూడా రౌండ్సులో చూసి పౌడరు చల్లమన్నారు, పెన్సిలిన్ ఎలాగూ ఉంటుంది. కాని చెమటకాయల్లో చీము ఉండదు. పైగా ఇంటికి వెళ్లిన తల్లులు కొన్నాళ్లకు రొమ్ములో గడ్డలతో తిరిగి రావడం మొదలైంది. వాళ్లు వచ్చేది సర్జికల్ వార్డుకు గనక, అక్కడ గడ్డ కోసి, చీము తీసి, పెన్సిలిన్ ఇచ్చి పంపేవారు. ప్రసూతి వార్డు లెక్కలో వాళ్లు ఆరోగ్యంగా ఇంటికి వెళ్లినవాళ్లే. ఒక వార్డులో అంటుకున్న జబ్బు ఇంకో వార్డులో నమోదైతే మొదటి వార్డుకు మచ్చ ఉండదు. ఆసుపత్రుల్లో ఈ సౌకర్యం ఇప్పటికీ ఉంది.

మద్రాసులో ఒక లాబొరేటరీలో నా సహాధ్యాయిని పనిచేస్తుండేది. ఉడికించిన గాజు గొట్టంలో, దూది చుట్టిన పుల్ల మీద ఆ చీము కొంచెం తీసి, మందుల కోటా కోసం మద్రాసు వెళ్తున్న మా స్టోరు కీపరు చేతికిచ్చి పంపాను. ఆమె పరీక్ష చేసే పద్ధతి ఇది. ఒక చదునైన గాజు పళ్లెంలో క్రిములకు మేతలాంటి పదార్థం పోసి, వాటిని దాని మీద పెంచుతారు. ఒక్కొక్క మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్లలను ఆ పళ్లెంలో అక్కడక్కడా పెడతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి పెరగక ఖాళీ జాగా మిగులుతుంది. మా పళ్లెంలో పెన్సిలిన్ బిళ్ల చుట్టూ జాగా ఏమీ మిగల్లేదని ఆమె చెప్పి పంపింది. క్రిములు దానికి ఆనుకుని, చుట్టపు చూపుగా వచ్చినట్టు కూర్చున్నాయట. స్ట్రెప్టోమైసిన్ దగ్గరా అంతే. ఎరిత్రోమైసిన్ అనే కొత్త మందు చుట్టూ మాత్రం మంచి జాగా కనిపించింది. క్రిమి పేరు స్టెఫిలోకాకస్. మనుషుల ముక్కుల్లో, చర్మం మీద మామూలుగా కాపురం ఉండేదే.

ఇది సూపరింటెండెంటుగారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"మన రాష్ట్రం మనకొచ్చి ఇన్నేళ్లయినా మీరింకా మద్రాసు వాళ్ల సర్టిఫికెట్ల కోసం చూస్తారేమమ్మా? పెన్సిలిన్ పనిచెయ్యడంలేదంటే డోసు చాలడంలేదని అర్థం" అని, డోసు రెట్టింపు చేశారు.

క్రిముల్లో ఎక్కడో ఒకటీ అరా పెన్సిలిన్‌ను విరిచేసే గుణంతో ఉంటాయి. అందరికీ ఆ మందే పొడుస్తుంటే మెత్తనివి చచ్చి ఈ మొండివే మిగులుతాయి. చచ్చినవాటి చోటు కూడా వీటికే దక్కుతుంది. అంటే మేం రోజూ సూదులు వేసి ఈ మొండి జాతికి పోటీ లేకుండా చూస్తున్నాం. రెట్టింపు డోసుతో ఆ సేవ కూడా రెట్టింపయింది.

అప్పుడే కోవూరు నుంచి వచ్చిన ఖాసింబీ అనే ఆమె వరండాలో మగబిడ్డను కన్నది. భర్త ఇత్తడి గిన్నెలకు కళాయి వేస్తాడు. లోపల ఒక మంచం ఖాళీ అయితే ఆమెను మార్చమన్నాను. ఆమె చాప మీదనుంచి లేవలేదు.

"మంచం వద్దమ్మా. మంచం ఇస్తే బిడ్డని గాజు రూములో పెడతారంట గదా. ఆడ అందరూ ఒక్క మాదిరే ఉండారు. నా కొడుక్కి బదులు ఎవరి బిడ్డనో తెచ్చిస్తే మా ఆయనకి నేనేం చెప్పేది?"

మణికట్టుకు నంబరు కడతామని చెప్పాను.

"తడిసి ఊడిపోతే?" అంది.

గుడ్డపట్టీలు ఊడిపోవడం నేనూ చూసినదే గనక బలవంతం చెయ్యలేదు. పోనీ వాడి ఒళ్లయినా చూద్దామని గుడ్డ విప్పాను. ఒక్క పొక్కు లేదు. పక్క చాప మీది బిడ్డను చూశాను, ఆ పక్కనా చూశాను. వరండా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఏ బిడ్డకూ పొక్కు లేదు. అదే ఎండ, అదే చెమట. కింద చాప, పైన ఈగలు. అద్దానికి అటువైపు, ఫినాయిలుతో కడిగిన గచ్చు మీద, దాదాపు ప్రతి ఉయ్యాలలోనూ చీము.

తేడా ఏమిటో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వరండా బిడ్డను ముట్టుకునేది దాని తల్లి ఒక్కతే. గాజు గది బిడ్డలందరినీ ముట్టుకునేవి అవే రెండు జతల చేతులు. ఒకే తొట్టిలో స్నానం, ఒకే తువాలు. చేతులు ముంచుకోవడానికి పొద్దున కలిపిన మందు నీళ్ల పళ్లెం సాయంత్రానికి రంగు మారేది. పూర్వం బిడ్డలు వేరువేరు పక్కల్లో ఉండేవారు. క్రిమికి ఒకరి నుంచి ఇంకొకరికి పోవడం కష్టమయ్యేది. మేం అందరినీ ఒక చోట చేర్చి దానికి ఊరు కట్టించి ఇచ్చాం.

గది మూసేసి పిల్లలను తల్లుల పక్కన వేద్దామని సూపరింటెండెంటుగారిని అడిగాను. మంత్రిగారు తెరిచిన గదిని అసిస్టెంట్ సర్జన్ మూయడానికి వీల్లేదు, సివిల్ సర్జనూ మూయలేడు. వరండా పిల్లల సంగతి చెప్తే ఆయన కాస్త ఆలోచించి, వాళ్లకు సముద్రపు గాలి తగులుతోందని తేల్చారు. గదిలో గాలి చాలడంలేదని ఇంకో ఫ్యాను మంజూరు చేశారు. నా సర్వీసులో అంత తొందరగా వచ్చిన ఫ్యాను ఇంకోటి లేదు. అంతవరకూ ఉయ్యాల నుంచి ఉయ్యాలకు పోవడానికి ఆయాల చేతుల మీద ఆధారపడిన క్రిమికి, దానితో సొంత వాహనం ఏర్పడింది.

వెంకురెడ్డిగారి కూతురు సరోజ తొలికాన్పుకు వచ్చింది ఆ రోజుల్లోనే. పంతొమ్మిదేళ్ల పిల్ల, మనిషి నెమ్మది. స్పెషల్ రూము ఇచ్చారు. కాన్పు సుఖంగా జరిగి మగబిడ్డ పుట్టాడు. నేను రెడ్డిగారిని పక్కకు పిలిచి, ఆ గదిలో పిల్లలకు పొక్కులు లేస్తున్నాయి, బిడ్డను తల్లి దగ్గరే ఉంచుకోండి, మీకు విడిగా రూము ఉంది గదా అని స్పష్టంగా చెప్పాను.

ఆయన నవ్వారు. "నేనిచ్చిన ఉయ్యాల్లో నా మనవడు పడుకోకపోతే ఊళ్లో ఏమనుకుంటారమ్మా? పెద్ద డాక్టరు దొరగారు ఫ్యాను కింద ఉయ్యాల తీసిపెట్టినారు. చూసుకుంటామన్నారు గూడా."

పిల్లవాణ్ణి అద్దం పక్కన, కొత్త ఫ్యాను కింద పడుకోబెట్టారు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి చుట్టాలు బండ్లు కట్టుకుని వచ్చి చూసి వెళ్లారు.

వారం తిరగకముందే మెడ కింద పొక్కులు. తర్వాత బొడ్డు చుట్టూ ఎర్రబడింది. పెన్సిలిన్ రెట్టింపు డోసుతో మొదలుపెట్టి ఇంకా పెంచారు. ఆ ఆసుపత్రిలో మరే బిడ్డకూ అంత పెన్సిలిన్ పడలేదు. పలుకుబడి ఉన్నవాళ్ల బిడ్డ మరి. జ్వరం తగ్గలేదు. బిడ్డ పాలు తాగడం మానేశాడు. ఊపిరి తీసినప్పుడల్లా ముక్కుపుటాలు ఎగరడం, డొక్కలు లోపలికి పోవడం చూసి ఊపిరితిత్తులకు పాకిందని అర్థమైంది. ఎరిత్రోమైసిన్ కావాలని మళ్లీ చెప్పాను. మా స్టోరులో లేదు. తెప్పించాలంటే పై ఆఫీసు మంజూరు కావాలి. ఈసారి సూపరింటెండెంటుగారు మద్రాసును ఏమీ అనలేదు. మందు పేరు తన చేత్తో రాసి రెడ్డిగారికి ఇచ్చారు. రెడ్డిగారి కారు మద్రాసు వెళ్లి వచ్చింది.

మందు మొదలుపెట్టి, బిడ్డను గాజు గదిలోంచి తీసి సరోజ పక్కలో పడుకోబెట్టించాను. ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరూ కాదనలేదు. ఆ రోజంతా ఊపిరి కొంచెం నిదానించినట్టే అనిపించింది. సుగుణమ్మ మంచం దగ్గరనుంచి కదలకుండా ఆక్సిజన్ గొట్టం పట్టుకుని కూర్చుంది. మర్నాడు పొద్దెక్కేసరికి బిడ్డ పోయాడు.

సరోజ ఏడవలేదు. నా వైపు చూసి మామూలుగానే మాట్లాడింది. "పాలకి తెచ్చినారు, తీసకపోయినారు. పక్కలో ఏసుకోనిచ్చింది నిన్న ఒక్కరోజే గదమ్మా" అంది. నేను ఆమె తల నిమిరి బయటికి వచ్చాను.

సూపరింటెండెంటుగారు మంచం కాళ్ల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఆయనే మరణ ధ్రువపత్రం రాశారు. న్యుమోనియా అని రాశారు. అబద్ధం కాదు.

వెంకురెడ్డిగారు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. నన్ను పిలిచారు.

"ఈ చాపల మీద బిడ్డలకి ఎవురికీ రాలేదంట. నిజమేనామ్మా?"

ప్రభుత్వోద్యోగి ఆసుపత్రి లోపాలను బయటివాళ్లతో మాట్లాడకూడదన్న నియమం నాకు తెలుసు. ఉద్యోగంలో ఇంకా ప్రొబేషన్ కూడా పూర్తికాలేదు.

"నిజమేనండి" అన్నాను.

"ఎందుకని?"

పళ్లెం, బిళ్లలు, చేతులు, తువాలు అన్నీ చెప్పాను. మందే ఈ క్రిమిని ఎలా మొండిచేసిందో చెప్పాను. ఆయన అంతా విని, "మీరు ఆ పొద్దు చెప్పినారు. నేనే వినలేదు" అన్నారు. లేస్తూ, కారులో తెప్పించిన మందు ఇంకా మిగిలుందా అని అడిగారు. ఉందన్నాను. "లోపల బిడ్డలకి పొయ్యండి. చాలకపోతే ఇంకా తెప్పిస్తా" అని సూపరింటెండెంటుగారి గదికి వెళ్లారు. ఆ మందుతో అప్పటికే జ్వరం తగిలిన ఇద్దరు పిల్లలు దక్కారు.

వాళ్లిద్దరి మధ్య జరిగింది సూపరింటెండెంటుగారే తర్వాత నాకు చెప్పారు. రెడ్డిగారు తన ఉయ్యాలలు తనకు తిరిగి ఇచ్చెయ్యమన్నారు. స్టాకు రిజిస్టరులోకి ఎక్కిన వస్తువు ప్రభుత్వ ఆస్తి, ఇవ్వడం కుదరదన్నారు ఈయన. అయితే గది మూయండన్నారు ఆయన. మంత్రిగారి గదిని మూస్తున్నట్టు కాగితం మీద రాయలేనన్నారు ఈయన. చివరికి సూపరింటెండెంటుగారు, "మూస్తున్నానని రాయను. సున్నం వెయ్యాలని రాస్తాను" అన్నారు. ఆయన వైద్యంలో నేను చూసిన చాలా చికిత్సలకంటే అది బాగా పనిచేసింది.

సున్నం వెయ్యడానికి పిల్లలను ఖాళీ చేయించి తల్లుల పక్కల్లో వేశాం. గదికి తాళం పడింది. సున్నానికి పి.డబ్ల్యు.డి. వాళ్లు ఎస్టిమేటు వెయ్యాలి. వాళ్లు వచ్చి కొలతలు తీసుకున్నారు, సీజను కాదన్నారు, నిధులు లేవన్నారు, కొలతలు మళ్లీ తీసుకున్నారు. నేను బదిలీ అయ్యేనాటికి కూడా సున్నం పడలేదు. పి.డబ్ల్యు.డి. ఆలస్యాన్ని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. నేను మాత్రం ఎన్నడూ తిట్టలేదు. పొక్కులు కొద్దివారాల్లో తగ్గుముఖం పట్టాయి.

ఆ ఖాళీలో వార్డు సిబ్బంది అందరి ముక్కుల్లోంచీ పుల్లతో నమూనాలు తీసి మద్రాసు పంపాను. కొందరిలో అదే క్రిమి ఉంది. సుగుణమ్మ ఒకతె. జబ్బు లేకుండానే క్రిమిని మోసే మనుషులుంటారని, అది ఆమె తప్పు కాదని ఎంత చెప్పినా వినక, కన్నీళ్లు పెట్టుకుని వేరే వార్డుకు మార్చమని అడిగింది. ముక్కుకు మందు రాయించి, సబ్బుతో పంపు నీళ్ల కింద చేతులు కడుక్కునే పద్ధతి పెట్టి, కొన్నాళ్లు ఓపీకి పంపి వెనక్కి తెచ్చుకున్నాం. సూపరింటెండెంటుగారి ముక్కు కూడా అడిగాను. సివిల్ సర్జన్ ముక్కులో అసిస్టెంట్ సర్జన్ పుల్ల పెట్టడానికి సర్వీసు రూల్సులో అవకాశం కనిపించలేదు. ఆ ముక్కులో ఏముందో సైన్సుకు ఇప్పటికీ తెలియదు.

ఆసుపత్రి విషయాలు బయటివాళ్లతో చర్చించినందుకు సంజాయిషీ కోరుతూ నాకు మెమో వచ్చింది. సంతకం ఆయనదే. అడిగినవారు బయటివారు కారు, చనిపోయిన రోగికి తాతగారు అని జవాబు రాశాను. ఆయన చదివి, "బాగానే రాశారు" అని తనే ఫైల్లో పెట్టేశారు. దానిమీద మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు.

గది మూశారు గాని పెన్సిలిన్ మూయలేదు. బాలింతలందరికీ సూదులు యథాప్రకారం నడిచాయి. ఎరిత్రోమైసిన్ మహిమ చూశాక అది కూడా స్టోరుకు తెప్పించి, జలుబుకూ కాలి పుండుకూ ఉదారంగా ఇవ్వడం మొదలుపెట్టారు. నేను బదిలీపై వెళ్లేముందు చివరిసారి పంపిన చీములో, ఆ బిళ్ల చుట్టూ జాగా కూడా తగ్గిపోయిందని నా సహాధ్యాయిని చెప్పింది. ఆ మాట సూపరింటెండెంటుగారికి చెప్తే, ఇంకా కొత్త మందు ఏదో వచ్చిందట గదా అని అడిగారు.

ఈ వ్యవహారం నాకు నేర్పినవి రెండు. వార్డులో జబ్బు పుట్టినప్పుడు ఎవరికి వచ్చిందో అందరూ చూస్తారు. ఎవరికి రాలేదో కూడా వెళ్లి చూడాలి, వాళ్లు చాపల మీద ఉన్నాసరే. రెండోది, మందును అవసరం లేనిచోట వాడితే అవసరమైనచోట అది ఉండదు. తర్వాత నేను పనిచేసిన ఆసుపత్రులన్నిటిలోనూ ఈ రెండూ పాటించాను. దాని ఫలితంగా రిటైరయ్యేదాకా, సూది వెయ్యడానికి చెయ్యిరాని డాక్టరమ్మ అన్న పేరు తెచ్చుకున్నాను.